కాళ్లు లేని కుర్చీ

బెల్టు కోసేటప్పుడు కత్తి తడారకూడదు. గవర్రాజు మగ్గులో సబ్బునీళ్లు పెట్టుకుని, జానెడు కోతకి ఒకసారి కత్తి ముంచుతూ, అరుగు మీద గొంతుక్కూర్చుని కోస్తున్నాడు. కొండ మీంచి ఇనుపరాయిని కిందికి దించిన కన్వేయర్ బెల్టు ముక్క అది. అరిగిపోయి పాతసామాన్ల కుప్పలో పడి ఉంటే, అర్జీ పెట్టుకుని గేటు చీటీతో తెచ్చుకున్నాడు. ముప్పై నాలుగేళ్లు ఆ బెల్టు తెగినచోటల్లా అతికించిన చేతులు అవి. ఇప్పుడు దాన్నే ముక్కలు చేస్తుంటే మొదటి రెండ్రోజులూ మనసుకి ఎలాగో అనిపించింది. ఇది ఆరో కుర్చీ. అలవాటైపోయింది.

కోసిన ముక్కని కాలితో తొక్కిపట్టి, పటకారుతో అంచు పట్టుకుని లాగాడు. పై రబ్బరు చర్రుమంటూ ఊడొచ్చింది. ఆ రబ్బరు ఉంటే బరువు. అది పోగా మిగిలే గుడ్డపొర గట్టిగా ఉంటూనే కాస్త వంగుతుంది. చిన్నపిల్ల వీపు ఆనుకోవడానికి సరిగ్గా సరిపోతుంది.

ఇనుపగనుల ఊరు బచేలిలో, బజారు వెనక ఆ రేకుల ఇంటి ముందు స్కూటీ ఆగింది. జయ దిగింది. చేతిలో కొక్కెం త్రాసు.

"బాబాయ్, చేపల కొట్టాయన రెండ్రోజుల్లో తిరిగిచ్చేయమన్నాడు. త్వరగా తూచేద్దాం."

జయ ఫిజియోథెరపిస్టు. పుట్టుకలోనే మెదడుకి దెబ్బ తగిలి మెడ నిలవని, నడుము నిలవని పిల్లల్ని ఆడిస్తూ పాడిస్తూ వాళ్ల చేత కసరత్తు చేయించడం ఆమె పని. వచ్చే నెల నేపాల్ వెళుతోంది. అక్కడి కొండ ఊళ్లలో అలాంటి పిల్లలు చాపల మీద పడుకునే పెరుగుతున్నారు. వాళ్లని నిటారుగా కూర్చోబెడితే మింగడం, చూడటం, నవ్వడం ఎంత మెరుగవుతాయో ఆరు వారాలు దగ్గరుండి చూసి, రాసి పెట్టాలని విశాఖపట్నం పిల్లల డాక్టరు చక్రధరరావు పూనుకున్నారు. జీతం లేని పని. జయ తన సెలవులన్నీ పోగేసుకుని ఒప్పుకుంది. కుర్చీలు చేసే బాధ్యత గవర్రాజు మీద పడింది.

రెండు వైపులా గోడల్లా నిలబడే బెల్టు ముక్కలు, మధ్యలో మూల. ఆ మూలలో పిల్ల వీపు ఆనుతుంది. ముందు చిన్న పలక, నడుముకి మెత్తటి పట్టీ. కింద నాలుగు ఇనుప పైపు కాళ్లు. విప్పితే చదునుగా మడతపడి పెట్టెలో ఇమిడిపోతుంది.

త్రాసు దూలానికి వేలాడదీసి ఒకటి తూచారు. ఆరు కిలోలు.

"ఆరు ఆర్లు ముప్పయ్యారు," అంది జయ నీరసంగా. "నాకూ డాక్టరు గారికీ కలిపి విమానంలో నలభై. నాలుగు కిలోల్లో ఇద్దరి బట్టలు, మందులు, కాగితాలు."

"మరి నా సేగోడీలో?" అంటూ గవర్రాజు భార్య అప్పలనరసమ్మ గుమ్మంలోకి వచ్చింది. నూనె చేతుల్ని చీరకొంగుతో తుడుచుకుంటోంది. "రెండు డబ్బాలు నింపేశాను. ఆ సలిలో నువ్వేటి తింటావే?"

"పిన్నీ, చేగోడీలకి చోటు లేదు."

"పిల్ల ఫారిన్ ఎల్తందని వీధంతా సెప్పాను. నేపాలా, అది ఫారినేటి అని పక్కింటావిడ మూతి తిప్పింది. పాస్‌పోర్టు కూడా అక్కర్నేదంట, నిజమేనేటి?"

"నిజమే. ఓటరు కార్డు చాలు."

అప్పలనరసమ్మ ముఖం వాడిపోయింది. "ఓటరు కార్డుతో ఎల్లేది ఫారినేటమ్మా! మాటవరసకైనా ఆవిడితో ఆ ముక్క సెప్పకు."

గవర్రాజు నవ్వాపుకోలేక కత్తి పక్కన పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే జయ ఒక తల్లినీ బిడ్డనీ వెంటబెట్టుకుని వచ్చింది. తల్లి పేరు సోమక్క. మరైగూడలో కూలిపని చేస్తుంది. జయ పనిచేసే ఆసుపత్రిలో బిడ్డని చూపించడానికి బస్సులు మారి వచ్చి రెండు రోజులయింది. బిడ్డ సారలమ్మకి ఐదేళ్లు. తల్లి చంకలో ఒక పక్కకి జారిపోయి ఉంది. మెడ వాలిపోయినా కళ్లు మాత్రం చురుగ్గా కదులుతున్నాయి. దూలానికి వేలాడుతున్న త్రాసునీ, గవర్రాజు తెల్లమీసాల్నీ, అప్పలనరసమ్మ గాజుల్నీ వరసగా చూసింది.

ప్రయాణానికి ముందు కుర్చీ పనిచేస్తుందో లేదో ఒక బిడ్డని కూర్చోబెట్టి చూడాలి. ఎంతసేపు మెడ నిలుస్తుందో రాయాలి, వీడియో తీయాలి. అది చక్రధరరావు పంపిన కాగితాల్లో మొదటి పేజీ.

గవర్రాజు తెల్లరంగుతో 'ఒకటి' అని అంకె వేసిన కుర్చీని అరుగు మీద నిలబెట్టాడు. సోమక్క బిడ్డని అందులోకి దించింది. సారలమ్మ నడుము ఎడమకి ఒరిగింది.

"తియ్యమ్మా, తియ్యి," అన్నాడు గవర్రాజు. పట్టీ విప్పి, కన్నాలు వేసే ఇనుప పంచితో కొత్త కన్నం పొడిచి, తాడు బిగించాడు. మళ్లీ కూర్చోబెట్టారు. ఈసారి కుడికి. మళ్లీ తీయించాడు. మూడోసారి కన్నం వేలెడు పైకి జరిపి, పాత తువ్వాలు ముక్క మడతపెట్టి తుంటి పక్కన దోపాడు.

సారలమ్మ కూర్చుంది.

జయ ఎదురుగా నిలబడి గిలక్కాయ ఆడించింది. బిడ్డ మెడ మెల్లగా లేచింది. వణికింది. నిలిచింది. ఫోనులో సెకన్లు పరిగెడుతున్నాయి. నిమిషం. రెండు. సోమక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఊపిరి బిగబట్టింది. నాలుగో నిమిషం దగ్గర సారలమ్మ గట్టిగా ఒక కూత పెట్టింది. అది నవ్వే.

"ఏంది బిడ్డా! ఏంది గట్ల కూసున్నవ్?" అని సోమక్క ఏడుస్తూ నవ్వింది. "పుట్టినకాడ్నుంచి దీని మొకం ఇంత నిలువుగ సూళ్లే మేడమ్ నేను. దీని గదవ మీద పుట్టుమచ్చున్నది సూడుండ్రి," అంటూ బిడ్డ గడ్డం తాకి చూపించింది.

ఆరు నిమిషాలు దాటాక మెడ వాలింది. జయ అంకె రాసుకుంది, నాలుగు ఫొటోలు తీసింది. తర్వాత పట్టీ విప్పి బిడ్డని ఎత్తి తల్లికి అందించింది. కుర్చీని మడిచి మిగతా వాటి పక్కన గోడకి ఆనించింది.

సోమక్క ఆ గోడవైపు చూసింది.

"ఇది మాకు గాదా మేడమ్?"

"కాదు సోమక్కా. ఇవి ఆరూ నేపాల్ పిల్లల కోసం. కాగితాల్లో వాళ్ల పేరు మీదే ఉన్నాయి."

"ఆడ గూడ ఇసొంటి పిల్లలున్నరా?"

"ఉన్నారు."

"అయితే తీస్కపోండ్రి," అంది సోమక్క. ఆ మాటలో నిష్ఠూరం లేదు. నిజంగానే ఆ పిల్లల కోసం జాలిపడింది. బిడ్డ కాళ్లు సరిచేసుకుని చంకకి ఎత్తుకుంది. సారలమ్మ ముఖం మళ్లీ తల్లి భుజంలో పడిపోయింది. పుట్టుమచ్చ కనబడలేదు.

గవర్రాజు పంచి చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తిట్టినా, బతిమాలినా ఏదో ఒక సమాధానం చెప్పేవాడు. ఆమె తీసుకుపొమ్మంది. అరుగు మీద మిగిలిన బెల్టు ముక్కల్ని కాలితో కదిపి చూశాడు. ఇంకొకటి చేద్దామంటే బెల్టు అయిపోయింది. మళ్లీ అర్జీ పెట్టి, చీటీ వచ్చేసరికి పదిహేను రోజులు. వీళ్ల బస్సు ఎల్లుండి.

"ఎండలో ఎక్కడికెల్తారు, అన్నాలు తినెల్లండి," అని అప్పలనరసమ్మ అప్పటికే లోపల ఆకువిస్తళ్లు పరిచేసింది. "జయా, నువ్వూ కూకో."

పప్పు, వంకాయ కూర, చారు. అందరూ చుట్టూ కూర్చున్నారు. సోమక్క బిడ్డని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకుని, పప్పన్నం మెత్తగా పిసికి, వేలితో కొంచెం కొంచెం నోట్లో పెడుతోంది. సగం బయటికి వస్తోంది. రెండుసార్లు పొరమారింది. ఆమె విస్తరిలో అన్నం చల్లారిపోతోంది.

గవర్రాజు విస్తరి ముందునుంచి లేచి ఎంగిలి చెయ్యి కడుక్కుని బయటికి వెళ్లాడు. ఒకటో అంకె కుర్చీ తెచ్చి అందరి మధ్యా నిలబెట్టాడు.

"తిన్నంతసేపయినా ఇందులో ఉండనీ."

జయ ఫోను తీసి సెకన్లు మొదలుపెట్టింది.

పొద్దున్న ఆరు నిమిషాలు నిలిచిన మెడ ఇప్పుడు నిమిషం కూడా నిలవలేదు. ముందుకి వేలాడిపోయింది. గవర్రాజు పట్టీ చూశాడు, సరిగ్గానే ఉంది. తువ్వాలు సరిచేశాడు. మళ్లీ వాలిపోయింది. ఎక్కడ పొరపాటు జరిగిందో అంతుపట్టక వెనక తాడు విప్పబోయాడు.

"పెద్దయ్యా, నేనొక మాట చెప్పనా?" అంది సోమక్క.

"సెప్పమ్మా."

"పొద్దుగాల మేడమ్ దాని ముంగట నిలబడ్డది. ఇప్పుడు మేమంత కింద కూసున్నం. అదొక్కతే మీద కూసున్నది. దానికి మా నడినెత్తులే కనబడుతున్నయ్. మా మొకాలు సూద్దామని కిందికి వంగుతున్నది. మా ఇండ్లల్ల కుర్సీలెక్కడియి? తినేది కిందనే, పండేది కిందనే. దీని కాళ్లు తీసెయ్యరాదు?"

గవర్రాజు చెయ్యి ఆగిపోయింది. జయవైపు చూశాడు. జయ కూడా అతనివైపే చూస్తోంది.

"పానా తే," అన్నాడు భార్యతో.

బోల్టులు నాలుగు. ముప్పై నాలుగేళ్ల అనుభవంలో ఇంత సంతోషంగా ఏ నట్టూ విప్పలేదు. పైపు కాళ్లు ఒక్కొక్కటే టంగుమంటూ గచ్చు మీద పడుతుంటే సారలమ్మ ఆ చప్పుడుకల్లా ఉలిక్కిపడి, ఉలిక్కిపడినందుకు నవ్వింది. కాళ్లు లేని కుర్చీని నేల మీద పెట్టి, బిడ్డని కూర్చోబెట్టి, ముందు పలక మీద విస్తరి పెట్టారు. జయ ఫోనుని గోడకి ఆనించి వీడియో మొదలుపెట్టింది.

సారలమ్మ తల ఎత్తింది. ఎదురుగా అప్పలనరసమ్మ ముఖం. పక్కన జయ. ఇటు తల్లి, అటు తెల్లమీసాలు. ఒకరి తర్వాత ఒకరిని చూసింది. మళ్లీ మొదటినుంచీ చూసింది. తర్వాత కుడిచెయ్యి వణుకుతూ పలక మీదికి వచ్చింది. విస్తరిలో పడింది. పిడికిలి మూసుకుంది. అది నోటిదాకా వెళుతుందేమోనని నలుగురూ నోళ్లు తెరుచుకుని చూస్తుంటే, సగం దారిలో దిశ మారి ఆ పప్పన్నం గవర్రాజు మీసాల మీద వచ్చి పడింది.

ముందు అప్పలనరసమ్మ పకపకమంది. "బాగా అయింది! ముప్పయ్యేళ్లుగా ఆ మీసాలు తీసెయ్యమంటే ఇన్నాడా ఈ మనిసి!"

గవర్రాజు తుడుచుకోలేదు. ముఖం ఇంకాస్త ముందుకి వంచి, "మళ్లీ ఎయ్యమ్మా," అన్నాడు. సారలమ్మ వేసింది. మూడో పిడికిలి మాత్రం తన నోట్లోకే వెళ్లింది. పొరమారలేదు. సోమక్క తన విస్తరి దగ్గరికి లాక్కుని, అప్పలనరసమ్మ మళ్లీ వడ్డించిన వేడన్నం ఆబగా తింది. బిడ్డ పుట్టాక తన అన్నం వేడిగా తిన్నది ఇదే మొదటిసారని, మజ్జిగ పోసుకుంటూ చెప్పింది.

జయ ఫోను చూసుకోవడం మరిచిపోయింది. చూసేసరికి ముప్పై ఒక్క నిమిషాలు దాటింది.

తిన్నాక గవర్రాజు కుర్చీ వెనకవైపు తిప్పి, కత్తి మొనతో తెల్లరంగు అంకెని గీకడం మొదలుపెట్టాడు.

"బాబాయ్!"

"ఇది ఎక్కడికీ ఎల్దు."

"నాకూ అదే అనిపిస్తోంది. కానీ రేపు డాక్టరు గారొస్తున్నారు. ఆయనకేం చెప్పను?"

"నే సెప్తాను," అన్నాడు గవర్రాజు, తల ఎత్తకుండా.

చెప్పాల్సిన మాటలు మర్నాడు స్టేషనుకి వెళ్లేదాకా మనసులో వల్లెవేసుకున్నాడు. విశాఖపట్నం రైలు దిగిన చక్రధరరావు సన్నగా, పొడుగ్గా, చంకలో ఫైలుతో ఉన్నారు. ఇంటికి వచ్చి కాఫీ తాగి, గోడకి ఆనించిన కుర్చీల దగ్గరికి వెళ్లారు. మిగతా వాటి కాళ్లు కూడా గవర్రాజు ముందురాత్రే విప్పేశాడు. అది చూసి ఆశ్చర్యపోయారు. ముందురోజు వీడియోలోంచి ఒక ముక్క జయ చూపించింది. ఆయన రెండుసార్లు చూశారు. పప్పన్నం మీసాల మీద పడ్డ చోట ఆపి మూడోసారి చూశారు.

"అద్భుతం," అన్నారు. "అక్కడ కూడా అందరూ నేల మీదే తింటారు. మేమే ఇక్కడి ఆసుపత్రి బల్లల్ని మనసులో పెట్టుకుని ఎత్తు రాశాం." మళ్లీ కుర్చీలవైపు తిరిగి, "అయిదే ఉన్నాయేం?" అన్నారు.

గవర్రాజు వల్లెవేసిన మాటలన్నీ మరిచిపోయాడు. "ఒకటి ఆ పిల్లకి ఇచ్చేశానండి."

చక్రధరరావు ఫైలు తెరిచి ఒక కాగితం తీశారు. కోపం లేదు గాని గొంతులో ఇబ్బంది ఉంది. "మీరు చేసింది తప్పనను గవర్రాజు గారూ. కానీ ఆరుగురి తల్లిదండ్రులకి మాటిచ్చాం. ఇదిగో ఆరో పేరు. మైలీ, ఐదేళ్లు. ఆ తల్లికి నేనేం చెప్పాలి?"

ఆ ప్రశ్న గవర్రాజుకి సూటిగా తగిలింది. ఆ తల్లి కూడా సోమక్కలాగే అడుగుతుంది: ఇది మాకు కాదా అని. అరుగు అంచున కూర్చుని అడిగాడు.

"ఆ మైలీ నడుం కొలత ఎంతండి?"

"కొలతలు ఇంకా లేవు. అక్కడికెళ్లాకే తీయాలి."

"మరి మిగతా అయిదుగురివో?"

"అవీ అంతే. వయసుని బట్టి సుమారుగా మీకు రాసి పంపాం."

"ఈ పిల్ల ఎదురుగా ఉంటేనే మూడుసార్లు కన్నాలు పొడిసేనండి. వేలెడు తేడా వస్తే నడుం ఒరిగిపోతంది. సూడని పిల్లలకి ఇక్కడ కూకుని సేసినవి ఒంటికి ఎలా పడతాయండి? ఆరు కాదు, అరవై పట్టుకెల్లినా అక్కడ కోసేవోడు, కుట్టేవోడు ఉండాల. పాత లారీ టైరు దొరికినా సాలు, పొర తీసి సేసీయొచ్చు. ఆరోది మైలీని ఎదర కూకోబెట్టుకునే సెయ్యాలి."

చక్రధరరావు కాగితం మడిచారు. ఒక కుర్చీ అందుకుని, దాని కన్నాల వరసని వేలితో తడిమి చూశారు. పెద్ద డాక్టరు, తన ఫైలులో ఆ పేజీయే లేదన్న సంగతి అప్పుడే తెలిసినట్టు కనిపించారు.

"నిజమే. కానీ అక్కడ కోసేదెవరు? ఈ పని జయకి రాదు. నాకు అసలే రాదు."

రోడ్డు మీద ఎర్రదుమ్ము లేపుకుంటూ లారీ ఒకటి వెళ్లింది. గుమ్మంలోంచి అప్పలనరసమ్మ గొంతు వినిపించింది.

"ఓటరు కార్డు సాలంట గదండీ."

ముగ్గురూ ఆమెవైపు తిరిగారు. కార్డు అప్పటికే ఆమె చేతిలో ఉంది.

"నీకేటన్నా పిచ్చా?" అన్నాడు గవర్రాజు.

"నాకేటి పిచ్చి? రిటైరైనకాడ్నుంచి కుక్కర్ బోల్టులు, పక్కింటోళ్ల గేటు బోల్టులు విప్పి బిగిస్తన్నావు. ఎల్లి ఆ పిల్లల కుర్సీలు బిగించు. ఆరు వారాలు నేను హాయిగా పడుకుంటాను."

జయ నవ్వడం మొదలుపెట్టింది. చక్రధరరావు నవ్వలేదు. కార్డు అందుకుని, పేరు, పుట్టిన సంవత్సరం శ్రద్ధగా చదివారు. "మా బృందంలో మూడో మనిషికి చోటుంది. ఫొటోలకి ఎవర్నయినా తీసుకెళదామనుకున్నాం. ఫొటోలు జయ తీస్తుంది. వస్తారా?"

గవర్రాజు లేచి కత్తి, పటకారు, మూడు సైజుల పంచిలు ఒక గోనెగుడ్డ మీద వరసగా పేర్చాడు. మళ్లీ కత్తి తీసి, అంచు బొటనవేలితో చూసుకుని, నూరురాయి కోసం లోపలికి వెళ్లాడు. అదే జవాబని అప్పలనరసమ్మకి తెలుసు. చేగోడీల డబ్బాలు రెండూ తెచ్చి కుర్చీల పక్కన పెట్టింది. కాళ్లు పోయాక కుర్చీ ఒక్కోటీ మూడున్నర కిలోలే తూగింది. మూడో మనిషి టిక్కెట్టు మీద వచ్చే బరువు కూడా కలిస్తే ఇంకో డబ్బాకి చోటుంటుందని ఆమె అప్పుడే లెక్క కట్టేసింది. తర్వాత కొంగు సవరించుకుని, పక్కింటావిడ అంట్లు తోముకుంటున్న కుళాయి వైపు బయల్దేరింది.

ఆ సాయంత్రం సోమక్క వచ్చినప్పుడు జయ డాక్టరు గారి ఫారం తెరిచి పెట్టుకుని ఉంది.

"సోమక్కా, మీ ఇంటిపేరు చెప్పు. కాళ్లు తీసేయమన్నది ఎవరో ఇందులో రాయాలి."

"నా పేరు దేనికి మేడమ్? అన్నం తినంగ ఒక మాటన్న, గంతే గద."

"ఆ మాట మాకెవరికీ తట్టలేదు."

సోమక్క ఆలోచించింది. "ఆ దేశపోళ్లు నా పేరు సదువుతరా?"

"చదువుతారు."

"అయితే మా ఊరు పేరు గూడ రాయుండ్రి. మరైగూడ. మా బిడ్డ పేరు గూడ." జయ రాస్తుంటే ఆ అక్షరాలు చదవడం రాకపోయినా వంగి, ఆఖరి గీత దాకా చూసింది.

మర్నాడు పొద్దున దంతెవాడ వెళ్లే బస్సు దగ్గరికి అందరూ వచ్చారు. గవర్రాజు కుర్చీని భుజాన వేసుకుని తెచ్చాడు. కండక్టరు దాన్ని చూసి, బస్సు టాపు మీదికి ఎక్కించమని చెయ్యి చూపించాడు.

"నహీఁ భయ్యా," అంది సోమక్క. కిటికీ పక్క సీటు మీద కుర్చీ పెట్టించి, గవర్రాజు చేత రెండు తాళ్లతో సీటు కమ్మీకి బిగించి కట్టించింది. సారలమ్మని అందులో కూర్చోబెట్టి పట్టీ పెట్టింది. పక్కన తను కూర్చుంది.

కండక్టరు దగ్గరికి వచ్చి చూశాడు. "యే సీట్ కిస్‌కా హై?"

"మేరీ బేటీకా," అంది సోమక్క, బిడ్డని చూపిస్తూ.

అతను సారలమ్మని చూశాడు. సారలమ్మ కూడా అతన్ని కాసేపు నిదానంగా చూసి, కూత పెట్టింది. అతను నవ్వి ముందుకి వెళ్లిపోయాడు.

బస్సు కదిలింది. కిటికీలో సారలమ్మ ముఖం నిలువుగా, రోడ్డు మీది దుకాణాల్నీ, మేకల్నీ, సైకిళ్లనీ ఏదీ వదలకుండా చూస్తోంది. పక్కన సోమక్కకి తన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒళ్లో పెట్టుకుంది. తీసేసింది. ముందు సీటు కమ్మీ పట్టుకుంది. ఐదేళ్లలో ప్రయాణంలో ఆ రెండు చేతులూ ఒక్కసారిగా ఖాళీ కావడం ఇదే మొదలు. మలుపు దగ్గర బస్సు తిరుగుతుండగా ఆమె కిటికీ వైపు వంగి, బిడ్డ తల మీదుగా ఆ రెండు చేతులూ బయటికి చాపి ఊపింది.